శ్రీకాకుళ మన్యమును చైనా విదేశాంగ నీతియు: రెండు కాలక్రమములు

తూర్పు కనుమలలో ఉత్తరమున మహేంద్రగిరి మొదలుకొని దక్షిణమున రంప సీమ వరకును వ్యాపించిన కొండనేలకు మన్యమని పేరు. అరకు లోయ దీనికి నడిమి భాగము. ఈ నేలను పాలకులు పలుమారులు పలువిధములుగా పంచిరి. ఒకప్పుడిది గంజాము, విశాఖపట్టణము, గోదావరి ఏజెన్సీలుగా నుండెను. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లా అను కొత్త పేరులు వచ్చినవి. అయినను పాలకొండ, కురుపాము, పార్వతీపురము, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరము అను ఏడు శాసనసభా స్థానములను కలిపి 2009 ఎన్నికల నాటికి అరకు లోక్‌సభా నియోజకవర్గముగా చేసిరి. ఈ కొండల బ్రదుకు ఒక్కటియే యని ఎన్నికల అధికారులు సైతము గుర్తించినట్లు దీనిని బట్టి తలపవచ్చును.

ఈ మన్యపు ఉత్తర భాగమున, ఆనాటి శ్రీకాకుళం జిల్లాలోని పార్వతీపురము, పాలకొండ తాలూకాలలో, 1967 మొదలు 1970 వరకు సాగిన గిరిజన రైతాంగ పోరాటమునకు చైనా పేరు విడదీయరాని విధముగా అంటుకొన్నది. ప్రభుత్వ పక్షమువారు దీనిని పెకింగు ప్రేరణ యనిరి. పోరాడినవారు చైనా మార్గమే తమ మార్గమని గోడలపై వ్రాసిరి. ఒకరి ప్రాణములు మరియొకరు తీయుటకు సిద్ధపడిన రెండు పక్షములును ఈ యొక్క విషయమున ఏకీభవించినవి. ఇట్టి ఏకాభిప్రాయము ఎదురైనపుడు చరిత్ర విద్యార్థికి సంతృప్తి గాక సందేహము కలుగవలెను. కొండలలో జరిగిన సంఘటనల తేదీలను ఒక వరుసలోను, చైనా రాజ్యము తన ఇరుగుపొరుగు రాజ్యములతో నడపిన వ్యవహారముల తేదీలను వేరొక వరుసలోను పేర్చి, ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుటయే ఈ వ్యాసమున మేము పూనిన పని.

ముందుగా ఒక మాట చెప్పవలసి యున్నది. చైనా మార్గమను భావము ఆంధ్ర దేశమునకు 1967లో క్రొత్తగా వచ్చినది కాదు. తెలంగాణ సాయుధ పోరాటము సాగుచుండగా 1948లో ఆంధ్ర కమ్యూనిస్టు కార్యదర్శివర్గము తన కేంద్ర కమిటీకి ఒక నివేదిక పంపెను. భారతదేశమున విప్లవము రష్యాలోవలె నగరములనుండి కాక, చైనాలోవలె గ్రామములనుండి, రైతుబలముతో, దీర్ఘకాలము సాగునని దాని సారాంశము. మావో రచించిన ‘నూతన ప్రజాస్వామ్యము’ను వారు అందుకు ఆధారముగా చూపిరి. అప్పటికి చైనాలో విప్లవము జయింపలేదు. పెకింగు నగరము కమ్యూనిస్టుల చేతికి రాలేదు. కావున ఆ మార్గమును ఎన్నుకొనుమని ఏ రాజ్యమును తెలుగువారికి ఉత్తరువు పంపలేదు. వారు తమంతట తామే ఎన్నుకొనిరి. అఖిల భారత కార్యదర్శి బి. టి. రణదివే 1949లో ఈ వాదమును ఖండించుచు, మావోను ప్రామాణికునిగా అంగీకరింపజాలమని వ్రాసెను. 1950 జనవరి 27న కమిన్‌ఫారం పత్రిక తన సంపాదకీయమున చైనా అనుభవమును వలస దేశములకు ఆదర్శముగా పేర్కొనెను. కొలది మాసములలోనే రణదివే పదవి పోయెను. చండ్ర రాజేశ్వరరావు ఆ స్థానమునకు వచ్చెను. స్వదేశమున రెండేండ్లపాటు తిరస్కరింపబడిన తెలుగువారి వాదము ఒక్క విదేశీ సంపాదకీయముతో శిరోధార్యమైనది. వాదములోని బలమును కాక దానిపై పడిన ముద్రను చూచు ఈ అలవాటు ఇరువది యేండ్ల తరువాత మరల కనబడును గనుక పాఠకులు దీనిని గుర్తుంచుకొనవలెను.

1951 ఆరంభమున అజయ్ ఘోష్, ఎస్. ఎ. డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యముగా మాస్కో చేరి స్టాలినుతో చర్చించిరి. ఆ సంభాషణల వ్రాతప్రతులు సోవియట్ పతనానంతరము వెలుగుచూచినవి. చైనా సేన మంచూరియా చేరిన పిదప దానికి సోవియట్ దేశము వెనుదన్నుగా నిలిచినది. భారతదేశమున తిరుగుబాటు చేయువారికి అట్టి మిత్రరాజ్యపు వెనుదన్ను ఏ దిక్కునను లేదు. ఇదియే స్టాలిన్ చెప్పిన దానిలో ముఖ్యాంశము. ఆ సంవత్సరమే పార్టీ తయారుచేసికొన్న ఎత్తుగడల పత్రమున దీనికి మరియొక కారణమును చేర్చిరి: చైనాకంటె భారతదేశమున రాకపోకల సాధనములు ఎంతయో ఎక్కువగా నున్నవి. అనగా సైన్యము త్వరగా వచ్చును. 1951 అక్టోబరు 21న తెలంగాణ పోరాటమును విరమించిరి. విరమణ సబబా కాదా యను వివాదము నేటికిని తీరలేదు. అందులోనికి మేము పోము. వెనుదన్నును గూర్చిన ప్రశ్న మాత్రము భూగోళమునకు సంబంధించినది. దానిని వాదముతో కొట్టివేయుట సాధ్యము కాదు.

తరువాతి పదునాలుగేండ్ల రాజ్య సంబంధములు సుపరిచితములే గాన వేగముగా దాటుదము. 1954 ఏప్రిల్ 29న పంచశీల ఒప్పందము కుదిరినది. 1959 మార్చిలో దలైలామా లాసా విడిచి భారతదేశమునకు వచ్చెను. 1962 అక్టోబరు 20న మొదలైన యుద్ధము నవంబరు 21న చైనా ప్రకటించిన కాల్పుల విరమణతో నిలిచినది. ఈ లోపల చైనా, సోవియట్ పార్టీల వైరము బయటపడెను. 1964లో భారత కమ్యూనిస్టు పార్టీ చీలిపోయెను. చీలిన వారిలో మార్క్సిస్టు పార్టీగా ఏర్పడిన వారికి చైనా అనుకూలురను పేరు వచ్చినది గాని, 1967 ఆగస్టు మధుర సమావేశమున వారి కేంద్ర కమిటీయే చైనా పార్టీ అభిప్రాయములను త్రోసిపుచ్చెను.

ఇక కొండలవైపు మరలుదము. అచ్చటి కాలక్రమమునకు మూలము 1962 కాదు, 1917. ఆ సంవత్సరము మదరాసు ప్రభుత్వము చేసిన ఏజెన్సీ భూబదలాయింపు చట్టము ప్రకారము, ఏజెంటు అనుమతి లేకుండ కొండజాతివాని భూమి ఇతరులకు పోరాదు. చట్టము పుస్తకములో నున్నది. భూమి మాత్రము సాహుకారు చేతికి పోవుచునే యుండెను. జాతాపు, సవర రైతులు వానకాలమున తిండిగింజలకై అప్పు చేయుదురు. పంట వచ్చినపుడు గింజల రూపమున తీర్చుదురు. లెక్క సాహుకారు వద్ద నుండును. తీరని అప్పునకు చింతచెట్టు తాకట్టు పడును, పిదప పల్లపు మడి తాకట్టు పడును, తుదకు ఆ మడి సొంతదారుడే అందులో పాలేరుగా కుదురుకొనును. పోడు కొట్టుకొందమన్నచో అటవీశాఖ అభ్యంతరము. సంతకు తెచ్చిన అడవి సరకునకు తూకము వేయువాడును ధర చెప్పువాడును ఒక్కడే. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1917 నాటి చట్టమునకు బదులుగా ఒకటవ నెంబరు నిబంధనను తెచ్చినది గాని, దానిని అమలుపరచుటకు కావలసిన నియమావళి 1969లో గాని వెలువడలేదు. ఆ పదేండ్ల జాప్యమును మించిన ప్రేరణను ఏ రేడియోయు ఈయజాలదని మా అభిప్రాయము.

ఆ జాప్యపు సంవత్సరములలోనే గిరిజన సంఘము పెరిగినది. దానిని పెంచిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము ఇరువురును బడిపంతుళ్లు. సవర భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి నుండి ఈ కొండలనే చూచి పనిచేసిరి గదా. ఆ విధముగా, బయటి వారిలో కొండవారి మాట విని అర్థము చేసికొనిన వారు ఉపాధ్యాయులే యగుట గమనింపదగినది. సంఘము అడిగినవి పెద్ద కోరికలు కావు: పాలేళ్లకు కూలి పెంపు, తాకట్టు భూముల విడుదల, పోడునకు అనుమతి, వెట్టి రద్దు, సంతలో సరియైన తూకము. 1967 నాటికి వీనిలో కొన్ని సంఘబలముతోనే నెరవేరినవి. భూస్వాములు, సాహుకార్లు ఎదురుదాడికి దిగినదియు అందువలననే. ఇందులో చైనా పాత్ర ఏమియు లేదు.

1967 మే 25న ఉత్తర బెంగాలులోని నక్సల్బరి వద్ద పోలీసు కాల్పులు జరిగినవి. జూన్ నెలాఖరున పెకింగు రేడియో ఆ పోరాటమును శ్లాఘించెను. జులై 5న పెకింగు నుండి వెలువడు ‘పీపుల్స్ డైలీ’ భారతదేశముపై వసంత మేఘ గర్జన యని సంపాదకీయము ప్రకటించెను. చైనా ఆనాడు ఏ స్థితిలో నుండెనో చూచినగాని ఈ సంపాదకీయము అర్థము కాదు. సాంస్కృతిక విప్లవము పరాకాష్ఠ నందుకొన్నది. కైరోలోని ఒక్క రాయబారిని తప్ప విదేశములలోని చైనా రాయబారులందరిని వెనుకకు పిలిచిరి. ఆ సంవత్సరారంభమున పెకింగులోని సోవియట్ రాయబార కార్యాలయము జనసమూహముల ముట్టడికి లోనయ్యెను. జూన్ నెలలో రంగూనున చైనీయులపై దాడులు జరుగగా బర్మాతో స్నేహము తెగిపోయెను. ఆగస్టు 22న పెకింగులోని బ్రిటిషు కార్యాలయము తగులబడెను. సెప్టెంబరు 11న నాథూ లా వద్దను, అక్టోబరు 1న చో లా వద్దను భారత, చైనా సైన్యములు ఫిరంగులతో తలపడినవి. ఇంచుమించు ప్రతి పొరుగు ప్రభుత్వముతోను కలహించిన రాజ్యము ఆ ప్రభుత్వములపై తిరుగబడు ప్రతివానిని కొనియాడుటలో ఆశ్చర్యమేమి?

కొనియాడుట ఒకటి, సాయము చేయుట మరియొకటి. ఈ భేదమును మన పండితులు తరచుగా విస్మరింతురు. నాగాలలో మొదటి దళము 1967 ఆరంభమున బర్మా అడవులగుండ యునాను చేరి ఆయుధములతోను శిక్షణతోను తిరిగివచ్చెను. బర్మా కమ్యూనిస్టు పార్టీ 1968 జనవరి 1న చైనా సరిహద్దునుండియే బర్మాలో ప్రవేశించి, తదుపరి ఇరువది యేండ్లు ఆ సరిహద్దు నానుకొనియే బ్రదికెను. సరిహద్దున్నవారికి తుపాకులు అందినవి. సరిహద్దు లేనివారికి ప్రసారములు అందినవి. శ్రీకాకుళ మన్యమునకు ఒకవైపు సముద్రము, వేరొకవైపు ఒడిశా, మధ్యప్రదేశ్ అడవులు. అచ్చటినుండి చైనా సరిహద్దుకు ఏ త్రోవయు లేదు. మాస్కోలో 1951లో చెప్పిన వెనుదన్ను మాటను 1967లో జ్ఞాపకము చేసికొన్న నాయకులు అరుదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గ్రామమున జరుగనున్న గిరిజన సంఘ మహాసభకు నడచి వెళ్లుచున్న వారిపై లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరిపిరి. కోరన్న, మంగన్న అను ఇద్దరు గిరిజనులు మరణించిరి. సంఘము న్యాయస్థానము తీర్పునకై వేచియుండెను. 1968లో నిందితులు నిర్దోషులుగా విడుదలైరి. పోరాటము మలుపు తిరిగిన తేదీని వెదకువారు నక్సల్బరిని కాక ఈ తీర్పును చూడవలెనని మేము తలంతుము. ఒక పూర్తి సంవత్సరము వేచియున్న వారిని పెకింగు ఆజ్ఞకు లోబడిన వారనుట న్యాయము కాదు. 1968 నవంబరు 25న ఉద్దాన ప్రాంతమున గరుడభద్రలో పంటకోత తగాదా జరిగినది; మన్యమున పెదగొట్టిలిలో ఒక సాహుకారు ఇంటిపై గిరిజనులు పెద్ద సంఖ్యలో పడి ధాన్యమును, అప్పు పత్రములను పట్టుకొనిరి. వారి చూపు అప్పు పత్రములపై నుండుటయే ఈ తిరుగుబాటు స్వభావమును తెలుపును.

పెకింగు ప్రభావము నిజముగా పనిచేసినది దీని తరువాతనే. అది ధనము రూపమునను ఆయుధముల రూపమునను రాలేదు. పదముల రూపమున వచ్చినది. 1969 ఆరంభమున చారు మజుందార్ ఆంధ్రమునకు వచ్చి, పలనాటిలోని గుత్తికొండ బిలమున జరిగిన రహస్య సమావేశమున నాయకులను కలిసికొనెను. శ్రీకాకుళము భారతదేశపు యేనాన్ కాగలదా యను ప్రశ్నను ఆయన ‘లిబరేషన్’ పత్రికలో లేవనెత్తెను. యేనాన్ యనగా ఏమి? 1935లో మహాయాత్ర ముగించిన చైనా ఎర్రసేన వాయవ్యమున షెన్సీ మట్టికొండలలో నిలద్రొక్కుకొన్న చోటు. రైలుదారులకు దూరము, ప్రభుత్వము పలుచన. 1937లో జపాను దండెత్తగా, చియాంగ్ కైషేక్ ప్రభుత్వమే కమ్యూనిస్టులతో సంధి చేసికొనవలసి వచ్చెను. ఆ సంధివలననే యేనాను తనకంటూ పాలనను, పన్నులను, పాఠశాలలను ఏర్పరచుకొని పదేండ్లు నిలిచెను. పార్వతీపురమునకు రైలున్నది. కొండ దిగినచో ఒక్క దినములో సముద్రతీరము చేరవచ్చును. కొండవాడు ఉప్పునకు, బట్టకు, ఇనుమునకు వారపు సంతకు దిగక తప్పదు. సంతపై కాపలా పెట్టినచో కొండ ఆకలిగొనును. పోలికలోని ఒక భాగము, అనగా కొండయు పేద రైతును, రెండుచోట్లను కలవు. తక్కినదంతయు వేరు.

తెలుగు శాఖవారి సంచికలో వ్రాయుచున్నాము గాన మరియొక పదమునుగూర్చి కొంత విపులముగా చెప్పుటకు పాఠకులు అనుమతింతురని తలంతుము. చైనీయ రాజకీయ పరిభాష ఆంగ్లము మీదుగా మనకు వచ్చినది. ‘దీర్ఘకాలిక ప్రజాయుద్ధము’, ‘విముక్తి ప్రాంతము’, ‘వర్గశత్రు నిర్మూలన’ మొదలగునవి అట్టివి. వీనిలో మూడవది మిక్కిలి నెత్తురు త్రాగినది. మావో 1938లో దీర్ఘకాలిక యుద్ధమునుగూర్చి చేసిన ఉపన్యాసములలో, శత్రువును నాశనము చేయుట యనగా వానిని నిరాయుధుని గావించుట, ఎదిరించు శక్తిని పోగొట్టుట యనియే గాని, ప్రతి మనిషిని చంపుట కాదని స్పష్టముగా వివరించెను. అది సేనలకు చెందిన మాట. భారతదేశమున అది ఒక్కొక్క భూస్వామిని, ఒక్కొక్క సాహుకారును రహస్యముగా చంపుట యను అర్థమున వ్యాప్తిలోనికి వచ్చెను. తెలుగున ‘నిర్మూలన’ అను పదము ఎన్నుకొనబడుటతో, మూలముతో సహా పెకలించుట యను భావము మరింత గట్టిపడెను. కొండలలో వాస్తవముగ జరుగవలసిన మూలచ్ఛేదనము అప్పు పత్రమునకు, తాకట్టునకు, తప్పుడు తూకమునకు సంబంధించినది. పెదగొట్టిలిలో జనులు చేయబూనినది అదియే. చిన్న దళము రాత్రివేళ పోయి ఒక మనిషిని చంపివచ్చు పనిలో జనులకు చూచుటయే గాని చేయుట లేదు. సంఘము క్షీణించుటకును దళము మిగులుటకును నడుమ ఈ పదమున్నది.

ఈ సంగతి ఆనాడే చెప్పినవారు కలరు. తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి మొదలగువారు 1968 జనవరిలో పాలకొల్లు సమావేశమునందును, ఏప్రిలులో బర్ద్వాను మహాసమావేశమునందును మార్క్సిస్టు పార్టీ నాయకత్వమును ఎదిరించి బయటికి వచ్చినవారే. చైనా పార్టీపై వారికిని గౌరవము మెండు. అయినను ప్రజాసంఘములు లేని సాయుధ చర్య నిలువదనియు, వ్యవసాయ విప్లవ కార్యక్రమము ముందుండవలెననియు వారు వాదించిరి. 1969 ఫిబ్రవరిలో అఖిల భారత విప్లవకారుల సమన్వయ సంఘము వారితో తెగదెంపులు చేసికొనెను. చూపిన కారణములలో చైనా పార్టీపట్ల విధేయత చాలదనునది ఒకటి. ఏప్రిల్ 22న మార్క్సిస్టు-లెనినిస్టు పార్టీ ఏర్పడెను; జులైలో పెకింగు పత్రికలు దానిని గుర్తించి దాని తీర్మానమును ప్రకటించెను. శ్రీకాకుళపు వార్తలు చైనా వార్తాసంస్థ ద్వారా ప్రపంచమునకు పోయినవి. చైనా ఛైర్మనే మన ఛైర్మన్ అను నినాదము ఆంధ్ర గ్రామముల గోడలకు ఎక్కినది ఈ కాలముననే.

ఆ వార్తలు పోవుచుండగా కొండలలో ఏమి జరుగుచుండెను? 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి పోలీసుల చేతిలో మరణించెను. జూనులో జిల్లాలోని పలు భాగములను కల్లోలిత ప్రాంతముగా ప్రకటించిరి. డిసెంబరు 22న సుబ్బారావు పాణిగ్రాహి మరణించెను. ఈయన బొడ్డపాడు శివాలయమున అర్చకుడు. పుట్టుకచే ఒడియా, కవిత్వముచే తెలుగువాడు. పాతదైన జముకుల కథను రైతులకు రాజకీయము చెప్పుటకు మలచుకొన్న కవి. సాహిత్య విద్యార్థులు ఆయనను గూర్చి వ్రాయునపుడు పెకింగును కాక జముకును ముందు తలపవలెను. ఉద్దానపు జనము వినినది దానినే.

ఇక రెండవ వరుసను చూడుము. 1969 మార్చి 2న ఉసూరి నదిలోని జెన్‌బావో ద్వీపమున చైనా, సోవియట్ సైన్యములు తలపడినవి. ఆ వేసవి యంతయు ఉత్తరమునుండి పెద్ద యుద్ధము వచ్చునని పెకింగు భయపడెను. సెప్టెంబరు 11న సోవియట్ ప్రధాని కొసిగిన్ పెకింగు విమానాశ్రయమున చౌ ఎన్‌లైని కలిసికొనెను. అక్టోబరు 20న సరిహద్దు చర్చలు మొదలయ్యెను. ఉత్తరమున అంత పెద్ద శత్రువు నిలిచియుండగా అన్ని దిక్కుల కలహించుట తగదను ఎఱుక చైనాకు కలిగినది. రాయబారులు మరల తమ తమ స్థానములకు పోసాగిరి. 1970 మే 1న పెకింగు తియెన్ఆన్మెన్ వేదికపై మావో భారత రాయబార కార్యాలయపు అధిపతి బ్రజేష్ మిశ్రాతో చేయి కలిపి, భారతదేశము గొప్ప దేశమనియు, ఇట్లే కలహించుచుండుట తగదనియు భావము వచ్చునట్లు మాటాడెను. ఢిల్లీలో ఈ మాటల అర్థమును గూర్చి నెలల తరబడి తర్జనభర్జనలు సాగినవి. బొరి కొండలలో దాగియున్నవారికి దానిని గూర్చి చెప్పినవారు లేరు. ఆ తరువాత 70వ దినమున, జులై 10న, సత్యనారాయణయు కైలాసమును బొరి కొండలలో మరణించిరి. ఎదురుకాల్పులని పోలీసులనిరి, పట్టుకొని కాల్చిరని వారి పక్షమువారనిరి. వారితో మన్యమున పోరాటము వాస్తవముగా ముగిసినది.

1970 అక్టోబరు 29న, అనగా మరి 111 దినములకు, మార్క్సిస్టు-లెనినిస్టు పార్టీ ప్రతినిధి సౌరేన్ బోస్ పెకింగులో చౌ ఎన్‌లైని, కాంగ్ షెంగును కలిసికొనెను. వారు చెప్పినది శ్లాఘ కాదు, విమర్శ. ఒక దేశపు పార్టీ అధ్యక్షుని మరియొక దేశపు పార్టీ తన అధ్యక్షునిగా చెప్పుకొనుట తప్పు, అది మీ ప్రజల జాతీయాభిమానమును గాయపరచును. రహస్యముగా వ్యక్తులను చంపుటయే గెరిల్లా యుద్ధము కాదు. కార్మిక, ప్రజాసంఘములను విడిచిపెట్టుట తగదు. వ్యవసాయ కార్యక్రమము లేకుండ సాయుధ పోరాటము నిలువదు: ఇవి అందలి ముఖ్యాంశములు. చదువుచుండగా మనకు పాలకొల్లు, బర్ద్వాను వాదములు జ్ఞప్తికి రాకపోవు. ఈ విమర్శలో సగమునకు పైగా నాగిరెడ్డి ప్రభృతులు ఏడాదిన్నర క్రితమే తెలుగున చెప్పియుండిరి. అప్పుడది చైనాపట్ల అవిధేయత యనిపించుకొన్నది. ఇప్పుడు చైనా ప్రధానియే చెప్పగా చారు మజుందార్ దానిని శ్రేణులకు తెలియనీయలేదు. 1972లో కారాగారమునుండి కాను సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు, సౌరేన్ బోస్, నాగభూషణ పట్నాయక్, కొల్లా వెంకయ్య, భువనమోహన పట్నాయక్ అను ఆరుగురు వ్రాసిన బహిరంగ లేఖతోనే అది లోకమునకు విశదమైనది. 1950లో ముద్ర వేయబడినంతనే వాదము ఒప్పైనది. 1970లో ముద్రతో వచ్చిన వాదమును సైతము దాచిపెట్టిరి.

పెకింగు తనవైపు నుండి ఏ ప్రకటనయు చేయలేదు. 1970 చివరినుండి శ్రీకాకుళపు ప్రస్తావన దాని పత్రికలలో పలుచనై మాసిపోయినది. 1971 జులైలో కిసింజర్ రహస్యముగా పెకింగు పోయెను. ఆగస్టు 9న భారత, సోవియట్ ఒప్పందము జరిగెను. అక్టోబరు 25న ఐక్యరాజ్య సమితిలో చైనా స్థానము పొందెను. తూర్పు బెంగాలున పాకిస్తాను సైనిక ప్రభుత్వమునకు చైనా వత్తాసు పలికెను. ఏ పొరుగు రాజ్యముతో ఎట్లు మెలగవలెనో ఆ రాజ్యమే నిర్ణయించుకొన్నది. రాజ్యములు అట్లే చేయును. దానికి మేము చైనాను ప్రత్యేకముగ నిందింపము. రాజ్యపు వాణిని విప్లవపు వాణి యని నమ్మిన వారి పొరపాటునకు మూల్యము చెల్లించినది మాత్రము జాతాపు, సవర పల్లెలు. దళములకు అన్నము పెట్టిరని దండన. సమాచారము ఇచ్చిరని దళముల దండన. కొండమీది గుడిసెలను ఖాళీచేయించి దిగువ గ్రామములకు చేర్చుట.

చైనా రాజకీయములు తూర్పు కనుమలకు మనుష్యుల రూపమున వచ్చిన సందర్భమొకటి కలదు గాని మనవారు దానిని తలపరు. 1959 తరువాత టిబెట్టునుండి వచ్చిన శరణార్థులలో కొందరిని 1963లో ఒడిశా ప్రభుత్వము మహేంద్రగిరి ప్రాంతమున, నేటి గజపతి జిల్లాలోని చంద్రగిరి వద్ద నివసింపజేసెను. అదియు సవరల సీమయే; పర్లాకిమిడి దాటి పోవువారికి చేరువయే. అచ్చట వారు మొక్కజొన్న పండించుచు, చలికాలమున ఉన్ని దుస్తుల వర్తకమునకు ఊరూర తిరుగుచు కుదురుకొనిరి. జిరంగు వద్ద వారు నిర్మించుకొన్న పద్మసంభవ మహావిహారమును 2010 జనవరిలో దలైలామా ప్రారంభించెను. లేవిడిలో కాల్పులు జరిగిన నాటికే ఈ టిబెట్టువారు అదే కొండల వరుసలో నాలుగేండ్లుగా నివసించుచుండిరి. చైనానుగూర్చి ప్రత్యక్షముగ ఎరిగినవారు మన్యపుటంచున ఉండగా, యేనానుగూర్చి తెలిసికొనుటకు అందరును కలకత్తా పత్రికను తెప్పించుకొనిరి.

కొండల కాలక్రమము పెకింగు మౌనముతో ఆగలేదు. 1970 ఫిబ్రవరి 3న, పోరాటము ఇంకను సాగుచుండగనే, 1959 నాటి నిబంధనకు సవరణగా 1970లోని ఒకటవ నెంబరు నిబంధన అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఏజెన్సీ ప్రాంతమున గిరిజనేతరుని చేతిలోనున్న భూమి, వేరు రుజువు లేనిచో, గిరిజనునినుండి వచ్చినదిగానే భావింపబడును. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునకు అమ్ముటయు చెల్లదు. 1917 నాటి చట్టమున రుజువు భారము కొండవానిపై నుండెను. ఇప్పుడది సాహుకారుపైకి మారెను. గిరిజనేతరులు న్యాయస్థానములకు పోగా 1988లో సుప్రీంకోర్టు నిబంధనను సమర్థించినది. అమలులో లోపములు పెక్కు. రికార్డులను మార్చిన కథలు ప్రతి తాలూకాలోను వినవచ్చును. అయినను అరకునకు ఇరుగైన అనంతగిరి మండలమున బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లపై సమత అను సంస్థ వేసిన వ్యాజ్యమున, 1997 జులై 11న సుప్రీంకోర్టు ఈ నిబంధనలోని ‘వ్యక్తి’ యను పదమున ప్రభుత్వము కూడ చేరునని అర్థము చెప్పెను. కనుక ప్రభుత్వము సైతము షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుకీయరాదని తీర్పు వెలువడినది.